బెరిల్ ఎంచిన బాల్కనీ

ఓడలో గది ఎలా ఎంచుకోవాలో బెరిల్ టాటర్సాల్‌ను చూసి నేర్చుకోవాలి. సౌతాంప్టన్ రేవు నుంచి బయల్దేరే ఏ ఓడ పేరు చెప్పినా సరే, దాని అంతస్తుల పటం వంటింటి బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని కూర్చుంటుంది. నెత్తిన ఈతకొలను ఉన్న గది పనికిరాదు, తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు. కింద నాటకశాల ఉంటే మంచం అదురుతుంది. లిఫ్టు పక్కనైతే తాగినవాళ్ళ కబుర్లు వినాలి. ముందు భాగంలో లంగరు గొలుసు మోత. పక్క గదిలోకి తలుపుందంటే పక్కవాడి గురక మన దిండు మీదే. పైనా గదులే, కిందా గదులే ఉండి, ఓడ నడుముకు కాస్త వెనకగా ఉన్నవి ఒక్కో ఓడలో ఏ పదో పన్నెండో దొరుకుతాయి. వాటిని ఏరి పట్టుకోవడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

ఓడ ప్రయాణాల పిచ్చి ఉన్నవాళ్ళంతా ఇంటర్నెట్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. నాలుగువేలమంది ఉంటారు. అక్కడ ఆమెను గదుల బెరిల్ అంటారు. పళ్ళ డాక్టరు దగ్గర ముప్పై ఏళ్ళు ఫోన్లెత్తి రిటైరైన మనిషి, ఆ గుంపులో మాత్రం ఆమె మాటకు తిరుగులేదు. ఆ గొప్పే చివరికి కొంప ముంచింది.

ఈసారి గది సరదాకి ఎంచింది కాదు. ఆమె భర్త నోరిస్‌కు గొంతులో కాన్సర్. మే పంతొమ్మిదిన మాంచెస్టర్ ఆస్పత్రిలో స్వరపేటిక మొత్తం తీసేస్తామన్నారు. మనిషి బతుకుతాడు, మాట మాత్రం ఉండదు. అది మామూలు గొంతు కాదు. రోచ్‌డేల్ బింగో హాల్లో, అంటే తంబోలా లాంటి ఆట ఆడే చోట, ముప్పై ఆరేళ్ళపాటు మైకు పట్టుకుని అంకెలు పిలిచిన గొంతు. అయిదువందలమంది ఆడవాళ్ళు చేతిలో చీటీ పెట్టుకుని, పెన్ను ఎత్తి పట్టుకుని, ఆ గొంతులోంచి తర్వాతి అంకె ఎప్పుడు రాలుతుందా అని ఊపిరి బిగబట్టేవాళ్ళు. వాళ్ళలో ఒకతెగా వచ్చిన బెరిల్ ముందు ఆ గొంతును ప్రేమించింది, మనిషిని తర్వాత చూసుకుంది.

"ఇప్పుడే ఫోన్లో రికార్డు చేసి దాచుకోండి," అని ఆస్పత్రిలో నర్సు ఒక కాగితం ఇచ్చింది. దాని నిండా మాటలు. టీ పెడతావా, తలుపు వెయ్యి, నొప్పిగా ఉంది, అలాంటివి. "మీకు ఇష్టమైనవి కూడా చెప్పించుకోండి. పక్కన ఏ చప్పుడూ ఉండకూడదు సుమా, ఉంటే ఏదీ పనికిరాదు."

బెరిల్‌కు కావలసింది నిజానికి ఒక్క మాట. పెళ్ళైన నలభై ఏడేళ్ళుగా దీపం ఆర్పేముందు నోరిస్ చెప్పే మాట. "పడుకో పిల్లా, పొద్దున్నే కనబడతా." హాల్లో ఆట ముగిశాక అందరికీ చెప్పే మాటనే ఇంటికి తెచ్చి ఆమెకు చెప్పేవాడు. దాన్ని దాచుకుంటే చాలు, మిగతా టీలూ తలుపులూ ఎలా పోయినా పర్వాలేదు.

ఇంట్లో మాత్రం నోరిస్ నోరు విప్పలేదు. కిటికీ కింద బస్సులు, ఎదురుగా భార్య, భార్య చేతిలో ఫోను. "నా చావుకు నేనే ఉపన్యాసం ఇస్తున్నట్టుంది. నా వల్ల కాదు," అన్నాడు బొంగురుగా. తర్వాత ఆమె మొహం చూసి జాలేసిందేమో, "సముద్రం మీదకు తీసుకెళ్ళు పిల్లా. బయట కూర్చోబెట్టు. అక్కడ నీకేం కావాలంటే అది మాట్లాడతా," అన్నాడు.

దాంతో బెరిల్ పటాల ముందు కూర్చుంది. మే ఆరున బయల్దేరి నార్వే వెళ్ళి పదమూడున తిరిగొచ్చే ఓడ. మూడు రోజులు వెతికి ఎనిమిదో అంతస్తులో 8164 పట్టింది. బాల్కనీలో కూర్చుంటే చీమ చిటుక్కుమన్నా వినిపించే గది. చుట్టుపక్కల గదులన్నీ అప్పటికి ఖాళీ.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. గది ఖరారు కాగానే ఆ ప్రయాణం పేరు కింద మన పేరూ, గది నంబరూ రాయాలి. ఓడలో ఒకరినొకరు వెతుక్కోవడానికి. బెరిల్ నంబరు రాసి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఈ ఓడ మొత్తం మీద ఇంత నిశ్శబ్దమైన బాల్కనీ ఇంకోటి లేదని, ఎందుకు లేదో కూడా వరసగా రాసి, పటం మీద ఎర్ర సున్నా చుట్టి మరీ పెట్టింది. నోరిస్ జబ్బు సంగతి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అది బయటివాళ్ళకెందుకు? రెండు రోజుల్లో మూడువందలమంది మెచ్చుకున్నారు. తెగ మురిసిపోయింది.

సౌతాంప్టన్‌లో ఓడెక్కి ఎనిమిదో అంతస్తులో అడుగుపెట్టేసరికి వరండా పెళ్ళివారి విడిదిలా ఉంది. తలుపు తలుపుకీ రంగురంగుల బెలూన్లు, అయస్కాంతంతో అంటించిన బాతు బొమ్మలు, పేర్లు రాసిన అట్టలు. 8162 తలుపులోంచి లావుపాటి ఆవిడొకతె చేతులు చాపుకుని వచ్చింది. పేరు డోరీన్ పికర్స్‌గిల్. గుంపులో ఆమె ఫొటో రోజూ చూసేదే. ఫొటోలో నవ్వు వినపడదు కాబట్టి అంతవరకు భరించగలిగింది.

"బెరిల్ బంగారం, నువ్వేనా? నువ్వెంచిన గది అనగానే కళ్ళు మూసుకుని పక్కది పట్టేశాం. మా వెనకే మిగతావాళ్ళు. ఏడు గదులు, ఏడూ మనవాళ్ళే."

బెరిల్ గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. "ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటుందని కదా నేను రాసింది," అంది.

"అవును మరి, అందుకేగా వచ్చాం. మా ఆయన క్లైవ్‌కి పక్కన చప్పుడైతే నిద్ర పట్టదు పాపం," అని డోరీన్ నవ్వింది. ఆ నవ్వు ముందు కీచుమని మొదలై, తర్వాత దగ్గులా సాగి, చివర ఒక్క గుటకతో ఆగింది. ఆ గుటక విని బెరిల్‌కు ఒళ్ళు జలదరించింది.

బాల్కనీకీ బాల్కనీకీ మధ్య తెల్లటి ప్లాస్టిక్ రేకు అడ్డుంటుంది. గదులు చూసుకునే మనిషిని అడిగితే తాళం తీసి దాన్ని పక్కకు తిప్పేస్తాడు. డోరీన్ వాళ్ళు వచ్చిన గంటలో మూడు బాల్కనీలు కలిపేసుకున్నారు. నాలుగోది బెరిల్‌ది. "నీది కూడా తీయిస్తే మొత్తం ఒక హాలైపోతుంది బంగారం," అని రేకు అంచు మీంచి తల పెట్టి అడిగింది డోరీన్. పళ్ళ సందున పాలకూర ఇరుక్కుని ఉంది. బెరిల్ కుదరదంది.

"పోనీలే పిల్లా, సరదా మనుషులు," అన్నాడు నోరిస్.

"సరదానా? పందుల దొడ్డి," అంది బెరిల్.

మర్నాడంతా సముద్రం మీదే. పొద్దున టీ తాగాక బెరిల్ చిన్న బల్ల మీద నర్సు ఇచ్చిన కాగితం పరిచి, ఫోన్ నిలబెట్టి, నోరిస్ మెడ చుట్టూ మఫ్లర్ సర్దింది. ఓడ కింద నీళ్ళు మెత్తగా చీలుతున్నాయి. ఆ మాత్రం చప్పుడు పర్వాలేదనుకుంది బెరిల్. నోరిస్ గొంతు సవరించుకున్నాడు.

"టీ పెడతావా..."

చిటుక్.

బెరిల్ తల తిప్పింది. మళ్ళీ చిటుక్. రేకుకు అవతల క్లైవ్ కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. ఒక్కో గోరుకీ ఒక మూలుగు. ఇదిగో చూడండి, అయిదో చిటుక్కుకు రేకు కింది సందులోంచి ఏదో ఎగిరొచ్చి ఆమె టీ సాసర్ పక్కన పడింది. పసుపుపచ్చగా, వంకరగా, జీడిపప్పంత ఉంది. బెరిల్ కాగితపు రుమాలు నాలుగు మడతలు వేసి దాన్ని పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని గదిలోకి పరిగెత్తింది. చేతులు మూడుసార్లు కడుక్కుంది. తిరిగొచ్చేసరికి నోరిస్ భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు, ఆ నవ్వు దగ్గులోకి దిగింది. ఆ పూటకు అంతే.

మధ్యాహ్నం మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి క్లైవ్ తడి చెడ్డీ తెచ్చి రేకు మీద ఆరేశాడు. దాని నీళ్ళు బెరిల్ వైపు కారుతున్నాయి. వెనకే చుట్టపొగ. ఆ వెనకే డోరీన్ నవ్వు. "తలుపు వెయ్యి," అన్నాడు నోరిస్ ఫోన్లోకి. "ఆగు, ఆగు, ఆ నవ్వు పడింది. మళ్ళీ చెప్పు," అంది బెరిల్. "తలుపు వెయ్యి." "ఆగు నోరిస్. ఏవండీ, కాస్త నోరు తగ్గిస్తారా అక్కడ?" అవతల ఒక్క క్షణం చప్పుడు ఆగింది. తర్వాత ఎవరో గుసగుసగా ఏదో అన్నారు, అందరూ మూకుమ్మడిగా పకపకలాడారు.

"ఇలా నా వల్ల కాదు పిల్లా," అన్నాడు నోరిస్. "ఎదురుగా నువ్వు గడియారం చూసుకునే డాక్టర్‌లా కూర్చుంటే నాకు గొంతు పట్టేస్తుంది. నాకు మాట వచ్చేది జనం ముందు."

"ఆ జనం ముందా?" అని రేకు వైపు చూపించి మొహం చిట్లించింది బెరిల్.

అసహ్యం ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుంది? మూడో రోజుకు ఆమెకు వాళ్ళలో ప్రతిదీ కంపరం పుట్టించింది. బఫేలోంచి పళ్ళేల నిండా రొయ్యలు మోసుకొచ్చి, తిన్న తోకలూ తలకాయలూ పళ్ళెంలోనే వదిలి వరండాలో గుమ్మం పక్కన పెట్టేవాళ్ళు. సాయంత్రానికి అవి కంపు కొట్టేవి. క్లైవ్ త్రేన్పు తీశాక "క్షమించాలి" అనేవాడు, ఆ మాటలోనే రెండో త్రేన్పు వచ్చేది. డోరీన్ వెయిటర్లనీ, లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్ళనీ, చివరికి ఐస్‌క్రీమునూ బంగారం అనేది. బెరిల్ రేకుకు చెవి ఆనించి కూర్చుని ఎవరేం చేశారో ఒక చీటీలో రాసుకోవడం మొదలెట్టింది, ఓడ ఆఫీసు కౌంటర్లో ఫిర్యాదు చెయ్యడానికి. నోరిస్ రెండుసార్లు ఫోన్ ముందు ఏదో చెప్పబోయాడు. "ష్, ఉండు, విననీ," అంది.

కౌంటర్లో ఉన్న అమ్మాయి ప్రతిసారీ తియ్యగా నవ్వేది. "వేరే గది ఇమ్మంటారా మేడం? మూడో అంతస్తులో కిటికీ లేనిది ఒకటుంది." గదుల బెరిల్‌కు కిటికీ లేని గది. తల కొట్టేసినట్టయింది. అన్నిటికంటే ఎక్కువగా మండించింది ఒక సంగతి, అది ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది. వీళ్ళను ఇక్కడికి తెచ్చింది ఎవరు? ఎర్ర సున్నా చుట్టింది ఎవరు? పొద్దున్నే అద్దం ముందు మొహం కడుక్కుంటూ, ఛీ, అనుకుంది తన్ను తానే.

నాలుగో రోజు ఓడ నార్వేలోని గైరాంగర్‌లో ఆగింది. అటూ ఇటూ కొండలు, జలపాతాలు, అందరూ ఫొటోల మీద పడ్డారు. బెరిల్ మాత్రం తన చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గర వరసలో నిలబడింది. గంటసేపు నిలబడి, అధికారి ఎవరో వస్తే ఆయనకు చీటీ మొత్తం చదివి వినిపించింది. గోరు సంగతి దగ్గర ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోవడానికే, ఆమెకు తెలియదా?

అరికాలి మంట నెత్తికెక్కి గదికి వచ్చింది. నోరిస్ లేడు. బాల్కనీ తలుపు తీసేసరికి అవతల ఒకటే చప్పట్లు, కేకలు, బల్ల మీద గుద్దులు. ఇరవైమంది ఉన్నారేమో ఆ మూడు బాల్కనీల్లో. తర్వాత ఒక్కసారిగా అందరూ సద్దుమణిగారు. ఆ కోపంలో బెరిల్‌కు అదీ, అవతల ఎవరో ఏదో అంటున్నదీ చెవికెక్కలేదు, అప్పటికే చెప్పు చేతిలోకి తీసుకుంది. రేకు మీద శక్తికొద్దీ బాదింది.

"నోళ్ళు మూసుకోండి, పశువుల్లారా. మీకు సిగ్గూ శరం లేదా? మనుషులు ఉన్నారిక్కడ."

అవతల పిన్ను పడితే వినపడేంత నిశ్శబ్దం. ఇన్నాళ్ళకు మొదటిసారి. బెరిల్ చెప్పు కాలికి తొడుక్కుని, గర్వంగా కుర్చీలో కూర్చుంది. పావుగంటకు నోరిస్ వరండా తలుపులోంచి వచ్చాడు.

"ఎక్కడికెళ్ళావ్?"

"టీ తాగొచ్చా," అన్నాడు. గొంతు గీరుకుపోయి ఉంది.

"వాళ్ళ నోళ్ళు మూయించాను చూడు. ఇప్పుడు చెప్పు. ఇప్పుడైనా ఆ ఒక్క మాట చెప్పెయ్."

నోరిస్ మెడకు మఫ్లర్ బిగించుకున్నాడు. "రేపు చెప్తాలే పిల్లా. ఈపూట అలసిపోయా."

మర్నాడు లేచేసరికి నోరిస్‌కు మాట లేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది, అంతే. ఓడ డాక్టరు చూసి, వాపు ఎక్కువైందని, ఆపరేషన్ లోపల గొంతు తిరిగి రావడం కష్టమని చెప్పాడు. రెండు రోజులు సముద్రం ఎగసిపడింది. డోరీన్ బృందం మొత్తం వాంతులతో మంచాలకు అతుక్కుపోయారు. రేకుకు అవతల చుట్టపొగ లేదు, నవ్వు లేదు, త్రేన్పు లేదు. బెరిల్ ఎంచిన బాల్కనీ సరిగ్గా ఆమె రాసినట్టే ఉంది. ఇద్దరూ మఫ్లర్లు చుట్టుకుని అక్కడే కూర్చున్నారు. ఫోన్ బల్ల మీద ఉంది. చెప్పడానికి ఏమీ లేదు.

సౌతాంప్టన్‌లో దిగేటప్పుడు డోరీన్ నోరిస్‌ను కావలించుకుంది, అవసరమైనదానికంటే ఎక్కువసేపు. బెరిల్ మొహం తిప్పుకుని పెట్టెలు లెక్కపెట్టింది.

పంతొమ్మిదిన ఆపరేషన్ అయింది. బాగానే అయింది. రెండు వారాలకు ఇల్లు చేరారు. నోరిస్ మెడలో చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ, ఒళ్ళో ఒక తెల్ల పలక. ఏం కావాలన్నా దాని మీద రాస్తాడు, తుడుస్తాడు. ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే బెరిల్ ధైర్యం చేసి, ఓడలో రికార్డు చేసినవి తెరిచింది. పదకొండు ఉన్నాయి. డోరీన్ నవ్వు ఎక్కడెక్కడ పడిందో చూసి కోసెయ్యొచ్చని ఆశ.

నవ్వు దూరంగా, సన్నగా ఉంది. అసలు అడ్డే కాదు. నోరిస్ మాట మీద పడి దాన్ని నలిపేస్తున్నది వేరే గొంతు. ఆగు, ఆగు. మళ్ళీ చెప్పు. ష్, విననీ. ఏవండీ. ఛీ, పందులు. పదకొండింటిలోనూ అదే, కీచుగా, పుల్లగా, ఎక్కడా ఊపిరి తీసుకోకుండా. ఆ గొంతు పక్క బాల్కనీలోంచి వచ్చి ఉంటే కౌంటర్లో ఫిర్యాదు చేసేది. బెరిల్‌కు తన నోరంటే తనకే రోత పుట్టింది.

సరిగ్గా ఆ వారమే డోరీన్ నుంచి వీడియో వచ్చింది. కింద నాలుగు ముక్కలు రాసింది. "బెరిల్ బంగారం, ఆపరేషన్ అయ్యాక నీకు పంపమని ఆయనే చెప్పాడు. మాకు జబ్బు సంగతి ఇది తీసిన రోజే తెలిసింది. ముందే తెలిస్తే ఆ గదుల వైపు వచ్చేవాళ్ళం కాదు, ఒట్టు. చివర ముక్క నీకు ఇబ్బందైతే చెప్పు, మా అమ్మాయి కోసేస్తుంది."

గైరాంగర్ కొండల ముందు, మూడు బాల్కనీల మధ్య, కుర్చీ మీద నోరిస్. చేతిలో మైకు బదులు షాంపూ సీసా. ఎదురుగా ఇరవైమంది, అందరి చేతుల్లో చీటీలు, పెన్నులు ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఒక్కడు కదలడం లేదు. క్లైవ్ చుట్ట ఆర్పేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నోరిస్ అంకెలు పిలుస్తున్నాడు. గొంతు గరగరమంటోంది, అయినా అదే గొంతు, రోచ్‌డేల్ హాలు గొంతు, ఒక్కో అంకెనూ ఊరించి ఊరించి వదిలే గొంతు. పదకొండు నిమిషాలు, ఒక్క మచ్చ లేకుండా. చివర ఎవరో గెలిచారు, అందరూ చప్పట్లు కొట్టి, బల్లలు గుద్ది, కేకలు పెట్టారు. నోరిస్ చెయ్యెత్తాడు. అందరూ సద్దుమణిగారు.

"ఇంక ఈ చివరిది మీక్కాదు. ఇది మా ఆవిడకి," అన్నాడు. షాంపూ సీసా నోటి దగ్గరకు తెచ్చుకుని నేరుగా ఇటు చూశాడు. "పడుకో పిల్లా, పొద్దు..."

ధన్ ధన్ ధన్. నోళ్ళు మూసుకోండి, పశువుల్లారా.

వీడియోలో నోరిస్ ఉలిక్కిపడలేదు. సీసా ఒళ్ళో పెట్టుకుని, రేకు వైపు తిరిగి, చిన్నగా నవ్వాడు. బొమ్మ అక్కడ ఆగిపోయింది.

బెరిల్ తల ఎత్తేసరికి ఎదురు కుర్చీలోంచి నోరిస్ ఆమెనే చూస్తున్నాడు. ఫోన్లో ఏం వచ్చిందో చప్పుడుతోనే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

"నేనరిచింది నీ మీదే అని నాకెందుకు చెప్పలేదు?" అంది. "చివర కోసేస్తానంటోంది డోరీన్. కోసెయ్యమంటాను. నాకది వింటే రోతగా ఉంది నోరిస్."

నోరిస్ పలక తీసుకుని రాసి ఆమె వైపు తిప్పాడు. "ఉంచు. ఆ అరుపు లేకపోతే మన ఇల్లనిపించదు."

ఆమె అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నోరిస్ పలకను మోచేత్తో తుడిచి, మళ్ళీ రాశాడు. ఈసారి కాస్త నెమ్మదిగా రాశాడు.

"పొద్దున్నే కనబడతా."

బెరిల్ చెయ్యి తీసి దాన్ని పైకి చదివింది, ఒక్కో మాటా విడివిడిగా, అరవకుండా.